గంప కింద ఎవరు?

ఆడదానికి ఆడదే శత్రువు - ఈ మాటకి జవాబు చెప్పీ చెప్పీ మనలో చాలామందికి విసుగొచ్చేసి ఉంటుంది. సెమినార్లలో, పెళ్ళిళ్ళలో, రైల్లో పక్క సీటువాళ్ళ దగ్గర, చివరికి నా పీహెచ్‌డీ వైవాలో కూడా విన్నాను. మామూలుగా అత్తాకోడళ్ళ ఉదాహరణతో వస్తుంది. నిరుడు కోళ్ళ ఉదాహరణతో వచ్చింది. మనుషుల విషయమైతే సంస్కృతి అనో, పితృస్వామ్యం అనో జవాబు చెప్పొచ్చు. పెట్టల మధ్య పితృస్వామ్యం ఉందని వాదించడం కష్టం కదా! అందుకే ఆ ఉదాహరణని అంత సులువుగా దాటెయ్యలేకపోయాను.

అమ్మ భీమడోలులో ఉంటుంది. ద్వారకా తిరుమల వెళ్ళేవాళ్ళు రైలు దిగే ఊరిగానే చాలామందికి తెలుసు. ఇటు ఏలూరు, అటు తాడేపల్లిగూడెం, దిగువన కొల్లేరు. అమ్మకి ఆరు పెట్టలు, ఒక పుంజు. పొలం నాన్న పేరున, ఇల్లు అన్నయ్య పేరున ఉన్నాయి గానీ కోళ్ళు మాత్రం అమ్మవి. గుడ్ల డబ్బులకి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నేను హాస్టల్లో ఉండి ఎమ్మే చదివిన రోజుల్లో అమ్మ నా చేతిలో పెట్టిన నోట్లకి ఒక్కోసారి తవుడు వాసన ఉండేది.

పక్కింటివాళ్ళు మిరపనారు పోసుకున్నారు. కోళ్ళు కెలికేస్తున్నాయని మాటొచ్చింది. రోజంతా వీధులమ్మట తిరిగే కోళ్ళని దొడ్లో ఓ మూల, రెండు నులకమంచాలు పట్టేంత చోటులో వల కట్టి ఉంచారు. మూడు వారాలు తిరక్కముందే నల్లపెట్టకి వీపు మీదా తోక మొదట్లోనూ ఈకలు పోయాయి. పేలేమోనని అమ్మ రెక్కల కింద వెతికింది, లేవు. ఈకలు రాల్చుకునే కాలమూ కాదు. కనిపెట్టి చూస్తే, ఎర్రపెట్ట వెనకనుంచి వచ్చి ఒక్కో ఈకా పీకి మింగుతోంది. నల్లది అరవలేదు, పారిపోలేదు. మెడ ముడుచుకుని అలా నిలబడిపోయింది. అప్పుడే వచ్చిన బంధువులావిడ ఒకరు అది చూసి ఆ మాటన్నారు.

అమ్మ నల్లదానికి పసుపూ వేపనూనే రాసి గంప కింద పెట్టింది. కోళ్ళు పెంచేవాళ్ళంతా చేసేదే. రక్తం కనబడితే మిగతావి కూడా ఎగబడతాయి, అప్పుడు ఈకలతో ఆగదు, చర్మం దాకా పోతుంది. కాబట్టి దెబ్బతిన్నదాన్ని విడదియ్యడం దయే. కానీ నాకు మింగుడు పడలేదు. పొడిచింది ఎర్రది, శిక్ష నల్లదానికా? గంప కింద కెలుక్కునే నేల లేదు, తోడు లేదు. పైగా కొన్నాళ్ళు దూరమైన కోడిని మంద తిరిగి కలుపుకోదు, కొత్తదాన్ని చూసినట్టే చూసి మళ్ళీ పొడుస్తుంది. ఎర్రదాన్నే మూసెయ్యమన్నాను. "రోజూ గుడ్డెట్టేదాన్ని గంప కింద ఎలా మూస్తామే?" అంది అమ్మ. నల్లది దెబ్బలు తగిలిన దగ్గర్నుంచీ గుడ్లు పెట్టడం మానేసింది.

ఈ తర్కం మనకి కొత్తదా? హింస జరిగిన ఇంట్లోంచి బయటికి పంపేది దెబ్బలు తిన్న మనిషినే. పుట్టింటికో, ఆశ్రయ గృహానికో. కొట్టినవాడు ఇంట్లోనే ఉంటాడు, ఎందుకంటే సంపాదించేది వాడు. 2006 అక్టోబరులో అమల్లోకొచ్చిన గృహహింస చట్టం తిరగెయ్యాలని చూసింది సరిగ్గా దీన్నే. ఆ ఇంట్లోనే ఉండే హక్కు బాధితురాలికి ఇచ్చి, హింసించినవాణ్ణి బయటికి పొమ్మని ఆదేశించే అధికారం 19వ సెక్షన్లో మేజిస్ట్రేటుకి ఇచ్చింది. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. అలా ఇల్లు వదిలి పొమ్మన్న ఆదేశం ఏ స్త్రీ మీదా ఇవ్వకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఈ చట్టంలోంచి 'వయోజన పురుషుడు' అన్న మాటలు కొట్టేసింది కాబట్టి స్త్రీల మీద కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. అంటే అత్త మీద కేసు పెట్టొచ్చు, అత్తని ఇంట్లోంచి పంపించలేం. ఆ మినహాయింపుని నేను చాలాకాలం లోపంగానే చదివాను. అటువైపు నుంచి చూస్తే, ఆ అత్తకి కూడా వేరే ఇల్లు లేదని ఆ చట్టానికి తెలిసినట్టుంది. అలాగని అదే ఇంట్లో ఆమెతో ఉండక తప్పని కోడలికి ఈ వివేకం ఏ రాత్రి ధైర్యమిస్తుంది?

మా దొడ్లో సంగతికొస్తే, అమ్మని ఒప్పించి ఎర్రదాన్ని గంప కింద పెట్టించాను. నాలుగు రోజులకి, అంతవరకూ ఎవరి జోలికీ పోని పర్లపెట్ట పీకడం మొదలెట్టింది.

పెట్టల మధ్య పొడిచే వరస ఉంటుందని ప్రపంచానికి చెప్పింది నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బె. చిన్నప్పట్నుంచీ ఇంటి కోళ్ళని గమనించి, 1922లో జర్మన్‌లో ప్రచురించాడు. అక్కణ్ణుంచి ఆ వరస ఆఫీసులకీ, రాజకీయాలకీ ఎక్కి, అధికారం ప్రకృతిసిద్ధం అనడానికి చేతికందిన సాక్ష్యమైంది. కానీ ఈకలు పీకడం ఆ వరసలోది కాదు. వరస కోసం పొడిచే పోటు ఎదురుగా, తల మీద పడుతుంది. ఒకటి తగ్గగానే ఆగిపోతుంది. ఈకలు పీకేది వెనకనుంచి, కోపం లేకుండా, గింజ ఏరుకుంటున్నంత శ్రద్ధగా పీకుతుంది. నేలని కెలికి, పొడిచి, ఏరుకునే పనికి చోటు లేనప్పుడు అదే పని తోటి కోడి ఒంటి మీదికి మళ్ళుతుందని 1980లలో నెదర్లాండ్స్‌లో బ్లాక్‌హౌస్ అనే శాస్త్రవేత్త వాదించాడు. తరవాతి పరిశోధనలు చాలావరకూ ఆ దారినే నడిచాయి. మేతలో మాంసకృత్తులు తగ్గడం, ఇరుకు, మరీ ఎక్కువ వెలుతురు దానికి తోడవుతాయి. ఈకంటే దాదాపు అంతా మాంసకృత్తే. నూకలూ తవుడూ మాత్రమే తింటూ పురుగూ పుట్రా దొరకని కోడికి అది మేతగా కనిపించడంలో వింతేముంది? మేం శత్రుత్వం అనుకుంటున్నది పని లేని ముక్కు చేస్తున్న పని. దానికి నేల దొరకలేదు, పక్కదాని వీపు దొరికింది.

పుంజుల సంగతి వేరే చెప్పాలా? సంక్రాంతికి భీమవరం నుంచి ఏలూరు దాకా బరులు గీస్తారు. చట్టం వద్దన్నా ఆగవు. డేగ, కాకి, నెమలి అని రంగుని బట్టి పేర్లు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం. కాలికి కత్తి కట్టేది మగవాళ్ళే, పౌరుషం అనేదీ వాళ్ళే. పుంజుకి పుంజే శత్రువని ఒక్కరూ సామెత కట్టలేదు.

పరిశ్రమ దగ్గర ఈ సమస్యకి ఒక పరిష్కారం ఉంది. కాలిన బ్లేడుతో పిల్లలప్పుడే ముక్కు కొన కోసెయ్యడం. ఆ కొనలో నరాలుంటాయి. కోడికి అది ముక్కే కాదు, చెయ్యి కూడా. మన దేశంలో గుడ్ల కోళ్ళకి పంజరంలో దక్కే చోటు సాధారణంగా ఒక ఏ4 కాగితం అంత కూడా ఉండదు. ఈ పంజరాల గురించి లా కమిషన్ 2017లో తన 269వ నివేదిక రాసింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ముక్కు కొయ్యడాన్ని నిషేధించాయి. నిషేధించిన చోట కోళ్ళకి చోటూ, గడ్డీ, కెలుక్కోవడానికి ఏదో ఒకటీ ఇవ్వక తప్పదు. ఖర్చవుతుంది. ముక్కు కొయ్యడం చవక. "సర్దుకుపో, నోరు తగ్గించుకో" అని ఆడపిల్లకి నేర్పడం ఇంటిని మార్చడం కన్నా చవకైనట్టే.

ఇక్కడిదాకా వచ్చాక నాకు సుఖంగా అనిపించాలి. తప్పు కోడిది కాదు, ఇరుకుది. తప్పు అత్తది కాదు, వ్యవస్థది. కానీ ఈ సుఖం మీద నాకు అనుమానం. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చేనాటికే దళిత స్త్రీలు మనల్ని అడుగుతున్నారు, పీడించే చెయ్యి ఆడదైతే ఏమంటారని. అంట్లు తోమే మనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇల్లాలు కూడా ఇంటి చాకిరీలో మగ్గుతున్నదే. ఆమె ఇరుకు నిజం, ఆ గ్లాసూ నిజం. ఎర్రపెట్టకి వేరే దారి లేదు, ఈ ఇల్లాలికి ఉంది. కోళ్ళు కారణం చూపించగలవు, క్షమాపణ ఇవ్వలేవు. పొడిపించుకున్నదాన్ని అడక్కుండా పరిస్థితుల పేరు చెప్పి ఖాతా మూసెయ్యడం కూడా ఒక గంపే అనిపిస్తుంది నాకు.

చివరికి చేసినవన్నీ చిన్న పనులు. కొల్లేరు వైపు నుంచి వచ్చే ఎండుచేపల పొడి మేతలో కలిపాం. తోటకూర కట్టలు కోళ్ళు ఎగిరి అందుకునేంత ఎత్తులో వేలాడదీశాం. ఒక మూల ఎండుగడ్డీ పెంటా కుప్ప పోస్తే ఏడూ పొద్దంతా దాన్నే కెలికాయి. ఎర్రదాన్ని గంప కిందనుంచి వదిలేశాం. పక్కింటి పిన్నిగారితో అమ్మ మాట్లాడింది. మిరప నాటు పూర్తయ్యాక సాయంత్రాలు వల తియ్యడానికి ఆవిడ ఒప్పుకున్నారు. కోళ్ళని మగవాళ్ళు కట్టించారు గానీ విడిపించే బేరం ఆడవాళ్ళిద్దరి మధ్యే జరిగిందని ఆ బంధువులావిడకి చెప్పాలనుకున్నాను, కుదర్లేదు.

నల్లపెట్టకి కొత్త ఈకలు మొలిచాయి. లేత ఈక మొదట్లో నెత్తురుంటుంది, దానికీ పొడుస్తాయని అమ్మ ఇంకా నూనె రాస్తూనే ఉంది. పీకడం ఆగింది. రాత్రిళ్ళు మాత్రం అది ఎర్రది ఎక్కిన దూలం ఎక్కదు, ఇవతల కొడిసె మీద ఒక్కతే పడుకుంటుంది. అమ్మ దానికి వేరే చిప్పలో గింజలు వేస్తోంది.