సగం ఫలం: అంతర్వేది నుంచి రాజమహేంద్రవరానికి సాగే విహారం యాత్ర అవుతుందా?

వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే అంతర్వేదిలో బయలుదేరి, రాజోలు, పి.గన్నవరం, రావులపాలెం, ఆత్రేయపురం మీదుగా ధవళేశ్వరం ఆనకట్ట దాటి రాజమహేంద్రవరం చేరే దారి నూరు కిలోమీటర్లకు కొంచెం పైబడి ఉంటుంది. కొబ్బరితోటలూ కాలువగట్లూ లంకలూ చూడాలన్న కోరికతో ఈ దారిని ఎంచుకునే కుటుంబాలు, ఎలాగూ దారిలోవే కదా అని అంతర్వేది నరసింహస్వామిని, వాడపల్లి వేంకటేశ్వరుణ్ణి, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని దర్శించి, చివరకు పుష్కరఘాట్‌లో మునక వేసి ఇల్లు చేరుతాయి. దృశ్యాల కోసం ఏర్పాటైన ఇటువంటి ప్రయాణానికి తీర్థయాత్రా ఫలం ఉందా, ఉంటే ఎంత అన్నది కార్లతో పాటు పుట్టిన కొత్త ప్రశ్నలా కనిపించినా, ధర్మశాస్త్రం దీన్ని ఎంతో ముందే ఎత్తుకుని, లెక్క కట్టి మరీ జవాబు చెప్పింది.

వేర్వేరు స్మృతి, పురాణ వచనాలను విషయాల వారీగా కూర్చి సమన్వయించిన గ్రంథాలను నిబంధాలంటారు. తీర్థవిధులను గురించి ఆ నిబంధాలు ఉదహరించే ఒక నియమం ప్రకారం, ఇతరుల కోసం తీర్థానికి వెళ్లినవానికి ఫలంలో పదహారో వంతు, వేరే పని మీద వెళుతూ ప్రసంగవశాన తీర్థాన్ని సేవించినవానికి సగం దక్కుతాయి. ప్రసంగం పూర్వమీమాంసలో ఒక పారిభాషిక విషయం కూడా. ఒక ప్రయోజనం కోసం చేసిన పని, ఉద్దేశించకపోయినా, మరో ప్రయోజనానికి ఉపకరించడాన్ని మీమాంసకులు అలా వ్యవహరిస్తారు. జైమిని సూత్రాల పన్నెండో అధ్యాయం దీన్ని విచారిస్తుంది. భాష్యకారుడు శబరస్వామి, మేడ మీద వెలిగించిన దీపం రాజవీధికి కూడా వెలుగునివ్వడాన్ని ఇందుకు ఉదాహరణగా చూపాడు. స్మృతివచనానికి మీమాంసలోని అర్థాన్ని యథాతథంగా అంటగట్టడం కుదరకపోయినా, రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు బయటపడుతుంది. వీధిలో పడిన వెలుగు సగం వెలుగేమీ కాదు. ఆ వెలుగులో నడిచేవానికి మరో దీపం అక్కరలేదు. మరి విహారానికి వచ్చి గోదావరిలో మునిగినవానికి మాత్రం సగమే ఎందుకు?

తీర్థస్నానంలో కర్త ఉద్దేశం కర్మకు వెలుపల ఉండేది కాదు, అందులో ఒక అంగం. దీపానికి తాను ఎవరి కోసం వెలుగుతున్నదీ తెలియనక్కరలేదు గాని, స్నానం చేసేవాడు సంకల్పం చెప్పుకోవాలి. దేశాన్నీ కాలాన్నీ, తన గోత్రనామాలనూ, చేయబోయే పనినీ దాని ఉద్దేశాన్నీ ఉచ్చరించి, ఆ పనికి తనను కట్టుబరచుకోవడమే సంకల్పం. ప్రయాణానికి వేసుకునే ప్రణాళిక కూడా రాబోయేదాన్ని ముందుగా నిర్ణయించేదే అయినప్పటికీ, అది దారినీ వేళలనూ బసనూ మనిషి సౌకర్యానికి కట్టుబరచాలని చూస్తుంది. సంకల్పం మనిషినే కట్టుబరుస్తుంది. బండిలో చల్లగాలి ఉండడం, రాజోలులో టిఫిను ఎన్నింటికి, సూర్యాస్తమయం ఏ రేవులో అని ముందే అనుకోవడం దోషాలేమీ కావు. అయితే ఆ లెక్కలన్నీ తేలాక మిగిలిన వ్యవధిలో దైవాన్ని ఇరికించినప్పుడు సంకల్పం నోటితో పలికే వాక్యంగానే మిగిలిపోతుంది కనుక, శాస్త్రం సగం కోసేసింది. నిజానికి అది కోతలా కంటే ఔదార్యంలాగే కనిపిస్తుంది. ఏమీ ఉద్దేశించకుండా వచ్చినవానికి సగం ఇచ్చే వ్యవస్థను కఠినమైనదని ఎవరూ అనలేరు.

వాహనం విషయంలో మాత్రం పురాణం ఇంత మెత్తగా లేదు. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం, ఐశ్వర్యం వల్లనో లోభం వల్లనో మోహం వల్లనో వాహనమెక్కి తీర్థానికి వెళ్లినవాని యాత్ర నిష్ఫలమని కొట్టిపారేస్తుంది. ఈ మాటను చూసి, మోకాళ్ల నొప్పులతో కారు దిగలేని ముసలివారిని నిందించడానికి పూనుకుంటే అది తప్పు చదువు అవుతుంది, ఎందుకంటే అక్కడ ఎంచిన కారణాల్లో అశక్తత లేదు. ఆక్షేపణ అసలు ఎవరి మీదో తెలియాలంటే మహాభారతంలోని తీర్థయాత్రా పర్వం చూడాలి. యజ్ఞాలకు సంభారాలు, ధనం, సహాయకులు కావాలి కనుక అవి రాజులకూ సంపన్నులకూ మాత్రమే సాధ్యమనీ, దరిద్రునికి కూడా అందుబాటులో ఉండి యజ్ఞాలను మించిన ఫలమిచ్చేది తీర్థయాత్ర అనీ అక్కడ పులస్త్యుడు భీష్మునికి చెబుతాడు. తీర్థం పేదవాని యజ్ఞం అన్నప్పుడు, దాన్ని మళ్లీ డబ్బున్నవాని వసతిగా మార్చడాన్ని పురాణం సహించకపోవడంలో ఆశ్చర్యం లేదు. వాహనాన్ని తప్పుపట్టి ప్రత్యేక దర్శనం టిక్కెట్లను తప్పుపట్టకపోవడం ఈ తర్కానికి నిలవదు. ఈ పర్వం అరణ్యపర్వంలో నన్నయ తెనిగించిన భాగంలోనే ఉన్నదనీ, ఆ తెలుగు భారతం 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని రాజమహేంద్రవరంలోనే మొదలైందనీ ఈ దారిన పోయేవారు గుర్తుంచుకోవచ్చు.

ఇక దృశ్యం సంగతి. అందమైన చోటు చూస్తే భక్తి దానంతటదే పుడుతుందనే వాదం ఈనాడు బాగా వినిపిస్తున్నది గాని, అలంకారశాస్త్రం దానికి సాక్ష్యం చెప్పదు. నది, వెన్నెల, తోట వంటివాటిని రససిద్ధాంతం ఉద్దీపన విభావాలుగా లెక్కించింది, అంటే అవి అప్పటికే ఉన్న భావాన్ని రగిలిస్తాయే తప్ప లేని భావాన్ని కొత్తగా పుట్టించవు. గోదావరి ఒడ్డున విరహి విరహాన్నే అనుభవిస్తాడు, వ్యాపారి ఇసుక ధరనే చూస్తాడు.

ఈ దారి గురించి చెప్పుకునే ఆధ్యాత్మిక ఉపమానాలే ఇందుకు రుజువు. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ అని చీలే నదికి సంప్రదాయం సప్తర్షుల సంబంధంగా ఏడు పాయలను చెబుతుంది. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో మొదలుపెట్టి, ఏడు సంగమాలలో స్నానం చేసి అంతర్వేదిలో ముగించే సప్తసాగర యాత్ర ఆ నమ్మకం మీదనే నడుస్తున్నది. ధవళేశ్వరానికి ఎగువన ఉన్నది అఖండ గోదావరి కనుక, సముద్రం నుంచి రాజమహేంద్రవరానికి వెళ్లడమంటే అనేకత్వం నుంచి ఏకత్వానికి చేరడమేనని ఎవరైనా సులువుగా చెప్పేయగలరు. కాని ఛాందోగ్య, ముండకోపనిషత్తులు నదులు సముద్రంలో కలిసి నామరూపాలు కోల్పోవడాన్నే ఏకత్వానికి దృష్టాంతంగా తీసుకున్నాయి. ఆ లెక్కన ఇదే ప్రయాణికుడు ఏకత్వాన్ని అంతర్వేదిలో వదిలి నామరూపాల వైపు ఎదురీదుతున్నాడు. ఒకే నేల రెండు విరుద్ధమైన వేదాంతాలకు సమానంగా ఒదుగుతున్నదంటే, ఆ వేదాంతం నేలలో లేదు, చూసేవాడు వెంట తెచ్చుకున్నదే.

పైగా కోనసీమ అందం పూర్తిగా ప్రకృతి ఇచ్చినదీ కాదు. కరవులకు లోనైన ఈ డెల్టాలో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. యాత్రికుడు మెచ్చుకునే పచ్చదనంలో చాలా భాగం ఆ కాలువలదీ, వాటిని తవ్విన కూలీలదీ, ఏటా దమ్ము చేసి నాట్లు వేసే వారిదీ. దాన్ని దైవసృష్టిగా మాత్రమే కీర్తించే భక్తిలో కృతజ్ఞత సగమే ఉంటుంది.

సౌందర్యాన్ని గురించి ఈ దారిలో అన్నిటికంటే లోతైన మాట ర్యాలిలో ఉంది. అక్కడి మూలవిరాట్టు ఒకే శిలలో ముందు వైపు కేశవుడు, వెనుక వైపు జగన్మోహిని. మోహిని అమృతం పంచేటప్పుడు అసురులను వంచించిన రూపం, శివుణ్ణి సైతం చలింపజేసిన రూపం. అంటే పురాణం ప్రకారం అందం జ్ఞానానికి అడ్డుపడగలిగినదే. అయినా ర్యాలి శిల్పి ఆ అందాన్ని దైవం నుంచి విడదీయలేదు, దైవం ముఖమే అందం అని కూడా అనలేదు. ఎదురుగా నిలబడి చూసి వెళ్లిపోయేవానికి సగం విగ్రహమే కనిపిస్తుంది. చుట్టూ తిరిగి విగ్రహం వెనుక వైపు వెళ్లి, అర్చకుడు చూపించే జడనూ పాదాలనూ నిదానంగా పరిశీలించాలంటే వేళ కావాలి, తర్వాతి మజిలీకి ఆలస్యమవుతుందన్న తొందర లేకుండా ఉండాలి. సౌందర్యం మోక్షానికి శత్రువా, మిత్రమా అన్న చర్చ ఎంత సాగదీసినా ఈ శిల చెప్పినదానికి మించి కొత్తగా తేలేది తక్కువ.

అందుచేత విహారాన్ని విహారంగా ఒప్పుకుని చేయడంలో పాపం లేదు, దానికి యాత్ర పేరు తగిలించి పూర్తి ఫలం కోరడంలోనే అనౌచిత్యం ఉంది. సగంతో తృప్తి లేనివారికి శాస్త్రం దారి మూసేయలేదు. సంకల్పాన్ని రేవులో కాక ఇల్లు కదిలేముందే చెప్పుకుని, నడవగలిగినవారు కనీసం ధవళేశ్వరం నుంచి నది వెంట రాజమహేంద్రవరం రేవుల దాకా నడవవచ్చు, క్యూలో అందరితో పాటు నిలబడవచ్చు. గురుడు సింహరాశిలో ప్రవేశించే 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఆ ఏడాది ఈ దారికి ప్రణాళిక వేసుకునేవారు రద్దీ రోజులను నదిలో మునగడమే పనిగా వచ్చేవారికి వదిలి, దృశ్యాల కోసం వేరే నెల చూసుకోవాలి.