సందుంటేనే సర్దుబాటు

పెళ్లయి అత్తవారింటికి వెళ్లే పిల్లకి సారెతో పాటు మనవాళ్లు మూటగట్టి ఇచ్చే మాట ఒకటుంది: "సర్దుకుపోవాలమ్మా!" చలిమిడీ అరిసెలూ వారం రోజుల్లో అయిపోతాయి. చీరలు పదేళ్లకి చిరుగుతాయి. ఈ మాట మాత్రం చిరగదు, తరగదు. తల్లి కూతురికీ, ఆ కూతురు తన కూతురికీ అందిస్తూనే ఉంటుంది. ఈ కాలం పిల్లలు "అడ్జస్ట్ అవుతున్నాను" అంటున్నారు. భాష మారింది గాని బరువు మారలేదు.

ఇంతకీ సర్దుకుపోవడం అంటే ఏవిటి? రైల్లో ముగ్గురు కూచున్న బల్ల దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కాస్త సర్దుకోండి" అంటాడు. మనం ఒళ్లు దగ్గరికి తీసుకుని, మోకాళ్లు ముడుచుకుని చోటిస్తాం. అంటే మనం చిన్నవాళ్లం కావడమే సర్దుకోవడం. మన ఇళ్లల్లో ఈ మాటకి వాడుకలో ఉన్న అర్థం ఇదొక్కటే. దీనికి పూర్తిగా ఎదురైన అర్థం ఇంకోటి ఉందని నాకు చెప్పింది ఏ పురాణ కాలక్షేపమూ కాదు. ఓ పాత కారు ఇంజను. నవ్వుకోండి, ఫర్వాలేదు. నవ్వుకున్నాక వినండి.

మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో ఉంటున్నారు. కిందటేడు వాళ్ల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చాను. నేను వెళ్లేసరికే మా అమ్మాయి 1970 నాటి ఫోక్స్‌వాగన్ కారు ఒకటి కొని, దాని ఇంజను ఇంట్లోనే విప్పి మళ్లీ కట్టే పని పెట్టుకుంది. తాబేలు డిప్పలా గుండ్రంగా ఉంటుందే, 'బీటిల్' అంటారు, అది. ఉద్యోగం చేసుకునే పిల్ల శని ఆదివారాలు నూనె గుడ్డలు పట్టుకుని గరాజులో గడుపుతుంటే, కాఫీ కలపడం అల్లుడి వంతయింది, టార్చిలైటు పట్టుకోవడం నా వంతయింది. టార్చి పట్టుకున్నవాళ్లకి చూడక తప్పదు కదా!

ఆ కారు పుట్టుక చెప్పుకోదగ్గది కాదు. 1930లలో హిట్లర్ ప్రభుత్వం కోరగా ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు దాని నమూనా తయారుచేశాడు. సామాన్యుడి కారన్నది పేరుకే. యుద్ధం ముంచుకొచ్చి సామాన్యుడి ఇంటికి చేరలేదు. 1945లో యుద్ధం ముగిశాక, బాంబులు పడి పాడైన ఆ ఫ్యాక్టరీని ఇవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ సైనికాధికారి మళ్లీ నడిపించాడు. ఆపైన అది ఆగలేదు. 1972 ఫిబ్రవరిలో ఫోర్డు వారి మోడల్ టి కారు రికార్డుని దాటింది. 2003 జూలై 30న మెక్సికోలోని ప్వెబ్లాలో ఆఖరి బండి బయటికి వచ్చేనాటికి లెక్క 2 కోట్ల 15 లక్షలు దాటింది. పుట్టుకని బట్టి బతుకుని తేల్చెయ్యకూడదనడానికి ఇదో ఉదాహరణ అనుకోండి.

దాని ఇంజను వెనకాల ఉంటుంది. నీళ్లుండవు, రేడియేటరుండదు. మన బుల్లెట్ మోటారు సైకిలు ఇంజను చుట్టూ అప్పడాల దొంతరలా లోహపు రెక్కలుంటాయి చూడండి, అలాంటి రెక్కలున్న సిలిండర్లు నాలుగు, అటు రెండూ ఇటు రెండూ పడుకుని ఉంటాయి. ఒక ఫ్యాను వాటి మీదికి గాలి తోస్తుంది. ఆ గాలే దానికి ప్రాణం. నాలుగు బోల్టులు విప్పితే ఇంజను మొత్తాన్ని జాకీ మీద కిందికి దింపి బయటికి లాగెయ్యచ్చు. అంచేత ఇళ్లల్లో విప్పుకునే అలవాటు వచ్చింది. 1969లో జాన్ మ్యూర్ అనే ఆయన, పానా పట్టడం రానివాళ్లు కూడా చూసి చేసుకునేట్టుగా, ఈ కారు మరమ్మత్తు మీద ఓ పుస్తకం రాశాడు. మా అమ్మాయి దగ్గరున్న ప్రతికి పేజీ పేజీకీ నూనె మరకలే, మన వంటల పుస్తకానికి పసుపు మరకలున్నట్టు.

ఇంజను పొట్ట రెండు చెక్కలుగా ఊడుతుంది. ఆ రెండు చెక్కల మధ్యా గ్యాస్కెట్టు కూడా ఉండదు. శుభ్రంగా తుడిచి, పల్చగా ఓ పూత పూసి, కలిపి బిగించెయ్యడమే. అక్కడ వెంట్రుకంత సందున్నా నూనె కారుతుంది. కాని ఆ పొట్టలో తిరిగే క్రాంకుషాఫ్టుకి మాత్రం, ముందుకీ వెనక్కీ కదలడానికి చోటుండి తీరాలి. ఎంత? 0.07 నుంచి 0.13 మిల్లీమీటరు దాకా. ఆ సందు సరిగా రావడం కోసం రకరకాల మందాల్లో ఉండే పల్చని ఉక్కు రింగుల్లోంచి మూడింటిని కొలిచి, ఏరి వేస్తారు. సందు లేకుండా బిగిస్తే, వేడెక్కగానే పట్టేస్తుంది. బిగువు మంచిదే కదా అని అన్నిచోట్లా బిగిస్తే ఇంజను తిరగదు. అతకవలసిన చోట అతకాలి, కదలవలసిన చోట సందుండాలి. ఏ చోటు ఏదో తెలియడమే ఆ విద్యలో సగం.

అయినా నన్ను ఆలోచనలో పడేసింది ఇదంతా కాదు. అంతా బిగించాక ఓ ఆదివారం పొద్దున్న మా అమ్మాయి, "ఇవాళ వాల్వులు అడ్జస్ట్ చెయ్యాలమ్మా" అంది.

"ఓసి నీ తెలివి! ఇవి కూడా అడ్జస్ట్ అవ్వాలిటే?" అన్నాను.

"అవి అవ్వవమ్మా. మనం చెయ్యాలి" అంది అది, తలెత్తకుండానే.

ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది.

సంగతేవిటంటే, ప్రతి సిలిండరుకీ రెండు వాల్వులుంటాయి, రెండు తలుపుల్లాగ. పెట్రోలూ గాలీ కలిసి లోపలికి రావడానికి ఒకటి, మండిన పొగ పోవడానికి ఒకటి. పైనుంచి ఓ చిన్న మీట వాటిని నొక్కి తెరుస్తుంది. నొక్కనప్పుడు వాల్వు తన పీట మీద కుదురుగా కూచోవాలి. అలా కూచోవాలంటే మీటకీ వాల్వుకీ మధ్య 0.15 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. రెండు కాగితాల మందం కూడా లేని ఖాళీ! పొగ వాల్వు రోజంతా మంటలోనే ఉంటుంది. దాని వేడి చాలామట్టుకు దిగేది పీట మీద కూచున్న ఆ కాస్త సేపట్లోనే. బండి నడుస్తున్నకొద్దీ వాల్వు రవంత సాగుతుంది, పీట రవంత అరుగుతుంది, సందు తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయిందా, వాల్వుకి కూచునే యోగం పోతుంది. వేడి దిగే దారి లేక కాలుతుంది. ఒకనాడు దాని తల విరిగి సిలిండర్లో పడి, పిస్టన్ని బద్దలుకొట్టి, ఇంజన్నే తినేస్తుంది.

ఇందులో అసలు విచిత్రం చప్పుడుది. సందు కాస్త ఎక్కువైతే వాల్వులు టకటకమంటాయి. సందు పోతే ఏ చప్పుడూ ఉండదు. తెలియనివాళ్లు "ఆహా, ఇంజను ఎంత నెమ్మదిగా ఉందో!" అని మురిసిపోతారు. తెలిసినవాళ్లు టకటకమనే వాల్వుకి భయపడరు. నిన్నటిదాకా చప్పుడు చేసి ఇవాళ ఊరుకున్నదాన్ని చూసి భయపడతారు.

ఇంకొక్క సంగతి. ఆ నాలుగు సిలిండర్లలో మూడో నంబరుది ప్రత్యేకమైన జాతకం. ఇంజను నూనెని చల్లబరిచే సాధనాన్ని ఆ కార్లలో సరిగ్గా మూడో సిలిండరుకి వెళ్లే గాలి దారిలో పెట్టారు. నూనె అందరికీ పనికొచ్చేదే, నలుగురికీ కావలసిందే. కాని దాన్ని చల్లబరచడానికి ఖర్చయ్యేది మూడోదాని వాటా గాలి. మిగిలిన మూడూ చల్లగాలి తింటుంటే ఇది వేడిగాలి తినేది. వాల్వు కాలి విరిగిందంటే ముందుగా అనుమానం పోయేది దీనిమీదికే.

ఇది వింటుంటే నాకు మా పెద్దమ్మ కళ్ల ముందు మెదిలింది. పద్నాలుగు మంది ఉన్న ఉమ్మడి ఇల్లు. కిటికీ లేని వంటిల్లు ఆవిడది. అందరికీ వడ్డించి, ఆఖర్న గిన్నెల అడుగున మిగిలింది తినేది. "మా కోడలు నోట్లో నాలుక లేని మనిషి" అని అత్తగారు ఊరంతా చెప్పుకునేది. అంతకన్న గొప్ప సర్టిఫికెట్టు ఆ రోజుల్లో లేదు. ఇరవై రెండేళ్ల కాపురం తరువాత, ఒకనాడు అన్నగారింట్లో పెళ్లికని వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పోట్లాట లేదు, ఫిర్యాదు లేదు. "నేనిక్కడే ఉంటాను" అని ఒక్క కార్డు ముక్క. ఇల్లంతా నిర్ఘాంతపోయింది. "ఏం తక్కువ చేశాం? ఏనాడూ ఒక్క మాటయినా అనలేదే!" అన్నారు. అనలేదు నిజమే. అదే కదా చూసుకోవలసింది!

ఏడాది గడిచాక మా పెదనాన్న వెళ్లి తీసుకొచ్చాడు. వచ్చేసరికి వంటింటికి తూర్పుగోడలో కిటికీ వెలిసింది. రాత్రి వంట తోటికోడళ్ల వంతులకి వెళ్లింది. అందరితో పాటు ఆవిడకీ ఓ పీట పడింది. ఆపైన ఆవిడ కాస్త కసురుకోవడం, నలుగురిలో గట్టిగా నవ్వడం కూడా మొదలెట్టింది. "వెళ్లొచ్చాక మనిషికి నోరొచ్చింది" అని కొందరన్నారు. నోరు వచ్చింది, మనిషి నిలిచింది.

ఆ కార్ల కంపెనీ వాళ్లు కూడా చివరికి చేసింది ఇలాంటి పనే. 1971 మోడలు నుంచి నూనె చల్లబరిచే సాధనాన్ని పక్కకి జరిపి, దానికి వేరే గాలి దారి కట్టారు. మూడో సిలిండరుకి ఓర్పు నేర్పలేదు, దారి మార్చారు. పాత ఇంజనుకి కూడా ఆ ఏర్పాటు అమర్చుకోవచ్చు. ఫ్యాను మాత్రం కాస్త వెడల్పుది వెయ్యాలి. మా అమ్మాయి ఆ పనే చేసింది. ఒకరి వాటా వాళ్లకిద్దామంటే, మొత్తం మీద గాలి కాస్త ఎక్కువే సంపాదించాలన్న మాట. ఊరికే రాదు.

అయితే మీరు ఒక ప్రశ్న వెయ్యచ్చు. వాల్వుకి నోరు లేదు, మనిషికుంది. తనకి కావలసిన సందు తను అడగద్దా? అడగాలి, కాదనను. కాని చప్పుడు చెయ్యడమే తప్పని చిన్నప్పణ్ణుంచి నూరిపోసి, తీరా విరిగాక "అడగలేదేం?" అంటే న్యాయమా? పైగా మంటలో ఉన్నవాళ్లకి తమ సందు ఎప్పుడు పూడిందో తమకే తెలియదు. అది రోజుకో రవ్వ చొప్పున పోతుంది. వాల్వు మూత తీసి చూసే పని ఎవరో ఒకరు పెట్టుకోవాలి. మూడు వేల మైళ్లకోసారి కొలవమని ఆ కారువాళ్లంటారు. అదీ రాత్రంతా ఆగి, ఇంజను పూర్తిగా చల్లారాక పొద్దున్నే. వేడి మీద కొలిస్తే లెక్క తప్పుతుంది. సంసారంలో మనం సరిగ్గా వేడి మీదే కొలుస్తాం. గొడవ జరుగుతుండగా "నీకేం తక్కువైంది చెప్పు!" అని నిలదీస్తాం. ఆ వేళ వచ్చే జవాబు ఏ కొలతకీ అందదు.

ఇంకో ఆక్షేపణ కూడా ఉంది. సందు ఇంత మంచిదైతే ఎంత ఎక్కువుంటే అంత మంచిదా? కాదు. మరీ ఎక్కువైతే మీట వాల్వుని సుత్తిలా కొడుతుంది, వాల్వు పూర్తిగా తెరుచుకోదు, బండికి సత్తువ తగ్గుతుంది. ఎవరి గది వాళ్లది, ఎవరి కంచం వాళ్లది అనుకుని, పలకరింపుకి కూడా దూరమైన ఇళ్లు అలాంటివే. తాకవలసినప్పుడు తాకాలి, వదలవలసినప్పుడు వదలాలి. ఆ రెండు పనులకీ చోటిచ్చేది ఆ రెండు కాగితాలంత సందే. మనుషుల మధ్య దాన్ని కొలిచే రేకు ఏ దుకాణంలోనూ దొరకదు. దొరకదు కనకే మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకోవాలి.

ఇంజను కట్టడం వేరు, ఇల్లు కట్టుకోవడం వేరు, నాకు తెలుసు. ఇంజనులో అరిగిన ముక్క తీసి కొత్తది వెయ్యచ్చు, ఇంట్లో వెయ్యలేం. అందుకే ఇంట్లోనే మరింత జాగ్రత్త కావాలి.

సర్దుబాటు లేకుండా నలుగురు ఒకచోట బతకలేరు, ఆ మాట పెద్దలు ఉత్తినే అనలేదు. అది ఎవరు ఎవరికి చెయ్యాలన్న దగ్గరే మనం ఒకవైపు ఒరిగిపోయాం. నలిగేవాళ్లు ఇంకాస్త నలగడానికి సర్దుబాటని పేరు పెట్టాం. నిజానికి నలిగేవాళ్లకి చోటు చేసిపెట్టడం చుట్టూ ఉన్నవాళ్ల పని. సారె మూటలోంచి ఆ పాత మాట తీసెయ్యమని నేననను. పిల్ల ఒక్కదాని చేతిలోనే పెట్టకుండా, సగం విరిచి వియ్యాలవారి చేతిలో కూడా పెట్టమంటాను. పుచ్చుకోనివాళ్లుంటే, ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మంచిదే కదా!