మలిగొంతుకే నా ఓటు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఉత్తరాంధ్రలో ఘంటసాల పాటల సందడి మొదలవుతుంది. విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో పెట్టినా, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లో పెట్టినా కార్యక్రమం తీరు ఇంచుమించు ఒక్కటే. ‘పాతాళభైరవి’తో ఎత్తుకుంటారు, ‘దేవదాసు’ మీదుగా నడుస్తారు, ‘మాయాబజార్’ చేరేసరికి హాలంతా గొంతు కలుపుతుంది. 1951, 1953, 1957. అసలైన ఘంటసాల ఆ ఆరేడేళ్లలోనే ఉన్నారని జనం లెక్క.

నాకు మాత్రం ఆయన చివరి ఏళ్ల గొంతే ఇష్టం. ఈ మాట పైకి అన్నప్పుడు ఎవరో ఒక పెద్దాయన జాలిగా చూడటం నాకు అలవాటైపోయింది. “అప్పటికింక గొంతులో ఏటుందండీ, ఆయాసం తప్ప?” అంటారు.

ఆయాసం ఉన్న మాట నిజమే. 1922 డిసెంబరులో పుట్టిన ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. నిండా యాభై రెండేళ్లు కూడా లేవు. చివరి రోజుల్లో గుండెజబ్బుతోనే పాడుతూ వచ్చారు. భగవద్గీత రికార్డు చేయాలన్న కోరిక తీర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. ఆ రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. ‘అల్లూరి సీతారామరాజు’ కూడా ఆయన పోయాకే, ఆ ఏడాది మే నెలలో విడుదలైంది. అందులో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. మన్యం మీదుగా వినిపించే ఆ పిలుపులో మొదటి గొంతు ఘంటసాలదే.

తొలి పాటలంటే నాకు చిన్నచూపు లేదు. ఆ గొంతు తయారైంది మా విజయనగరంలోనే. గుడివాడ దగ్గర చౌటపల్లి నుంచి సంగీతం కోసం వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు, జోలె పట్టి మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి పాదాల దగ్గర పాఠం నేర్చుకున్నాడు. సాలూరు చిన్నగురువుగారని అందరూ పిలుచుకునే ఆ శాస్త్రిగారు పనిచేసింది 1919లో మొదలైన సంగీత కళాశాలలో. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులుగా కూర్చున్న చోటు అది. ఆయన తర్వాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడు కూర్చున్నారు. అలాంటి చోట నేర్చుకున్న విద్య గొంతులో దాగుతుందా? పై స్థాయి అందుకున్నా, పద్యం చివర రాగాన్ని సాగదీసినా “చూడండి, ఇంత నేర్చుకున్నాను” అన్న ఉత్సాహం తొలి పాటల్లో పొంగుతూ ఉంటుంది. అది వయసుకు ఉండాల్సిన ఉత్సాహమే.

పైగా ఆనాటి పాటకు కొలత పెట్టింది గాయకుడు కాదు, యంత్రం. 78 రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. వాద్యాలవాళ్లూ గాయకులూ కలిసి ఒక్క ఊపులో పాడి ముగించాలి. చివరి చరణంలో ఎవరు తప్పినా మళ్లీ పల్లవి నుంచి ఎత్తుకోవాల్సిందే. ఆ ఇరుకులో ప్రతిభ మెరిసి తీరాలి, మెరిసింది కూడా. ఎల్పీ వచ్చాక ఒక వైపుకే ఇరవై నిమిషాల పైన చోటు దొరికింది. గొంతులో బలం తగ్గే వేళకు రికార్డులో వ్యవధి పెరిగింది. గీతలో ఆ వ్యవధిని ఘంటసాల ఎలా వాడుకున్నారో వినండి.

ఏడువందల శ్లోకాల్లోంచి వందకు కాస్త పైన ఏరుకున్నారు. శ్లోకాన్ని రాగంలో పాడతారు. వెంటనే తెలుగులో తాత్పర్యం చెబుతారు. నేను చెవి పెట్టేది ఆ తాత్పర్యం దగ్గరే. అందులో రాగం లేదు, తాళం లేదు, వట్టి వచనం. తెలుగునాట పద్యం పాడటానికి కొత్త దారి వేసిన మనిషి, ఒక్క సంగతి కూడా వేయకుండా, ఎదురుగా కూర్చున్నవాడికి నచ్చజెప్పినట్టు మాట్లాడతారు. వాక్యం చివర గొంతు దిగుతుంది. మళ్లీ ఊపిరి తీసుకోవడానికి పట్టే ఆ కాస్త వ్యవధిలో చెప్పిన మాట మనలో ఇంకుతుంది. కొత్తబియ్యం అన్నం ముద్దయినట్టు తొలి పాటల్లో మాటా రాగమూ ఒకటైపోతాయి. పాతబియ్యం మెతుకుకు మెతుకు విడివడినట్టు ఇక్కడ ప్రతి మాటా విడిగా నిలబడుతుంది. విజయనగరంలో నేర్చుకున్న విద్యంతా ఆ వచనం వెనక ఉంది. లేనిదల్లా చూపించుకోవాలన్న తపనే. నేర్చుకోవడానికి పట్టింది కొన్నేళ్లయితే, నేర్చుకున్నదాన్ని అదుపులో పెట్టుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

మరో సంగతి. ఆయనకు ఏళ్ల తరబడి సంగీతంలో సహాయకుడిగా ఉండి, హార్మోనియం పట్టిన పట్రాయని సంగీతరావు గారు ఎవరో కాదు, ఆ చిన్నగురువుగారి కుమారుడే. నూరేళ్లు నిండాక 2021లో కన్నుమూశారు. శిష్యుడు మద్రాసు వెళ్లి ఎంత పేరు తెచ్చుకున్నా గురువుగారి ఇల్లు పక్కనే ఉందన్నమాట.

ఇదంతా ఘంటసాల ఒక్కరి కథ అయితే నా ఇష్టం కేవలం భక్తి అనుకోవచ్చు. విజయనగరం ఆడపడుచు పి.సుశీలను తీసుకోండి. 1935లో పుట్టి, 1953లో విడుదలైన ‘కన్నతల్లి’తో సినిమాల్లోకి వచ్చారు. ఉత్తమ గాయనికి జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలైనప్పుడు, 1968 చిత్రాలకుగాను అది తొలిసారి అందుకున్నది ఆవిడే. ఆ పురస్కారం తమిళ పాటకు వచ్చింది, రెండోదీ అంతే. తెలుగు పాటకు రావడానికి ‘సిరిసిరిమువ్వ’ దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత 1982లో ‘మేఘసందేశం’. అప్పటికి ఆవిడకు నలభై ఏడేళ్లు. ఆ చిత్రంలో కృష్ణశాస్త్రి పాటలు ఆవిడ గొంతులో విని చూడండి. తొలినాళ్ల గొంతులోని తళుకు కాస్త తగ్గి ఉంటుంది. రమేష్ నాయుడు బాణీ కూడా గొంతును పరుగెత్తించదు. కవి మాటకు, వినేవాడి చెవికి మధ్య ఆవిడ అడ్డు నిలబడరు. పదిహేడేళ్ల పిల్ల ఎంత బాగా పాడినా ఆ పని చేయలేదు.

బయట దేశాల్లోనూ ఇలాంటివాళ్లు లేకపోలేదు. అమెరికా గాయకుడు జానీ క్యాష్ 1994లో, తన అరవై రెండో ఏట, ఒక్క గిటారు పట్టుకుని ఆల్బమ్ చేశాడు. మందలా వాద్యాలు లేవు, గొంతులోని గరుకును దాచే ప్రయత్నమూ లేదు. అతని పని అయిపోయిందనుకున్నవాళ్లే మళ్లీ కూర్చుని విన్నారు.

అలాగని వయసు మీరిన ప్రతి గొంతుకూ దండం పెట్టమనను. డెబ్బై ఏళ్ల మనిషి ఇరవై ఏళ్ల నాటి శ్రుతిలోనే పాడతానని పట్టుబడితే వినడానికి మనకే ఇబ్బంది. చప్పట్లు కొడతాం, అవి పాత రికార్డుకు కొట్టే చప్పట్లు. తన దగ్గర మిగిలిందేమిటో తెలుసుకుని, దానికి తగ్గ పాట ఎంచుకున్నవాళ్ల సంగతే నేను చెబుతున్నది. తొలి పాటలు వింటున్నప్పుడు సగం వినిపించేది మన వయసే: మన టూరింగ్ టాకీసు, మన రేడియో, మన పెళ్లిపందిరి. మలి పాటలకు అలాంటి సాయం దొరకదు. గాయకుడు ఒక్కడే వచ్చి మన ముందు కూర్చోవాలి. అందుకే అవి నచ్చడానికి సమయం పడుతుంది, నచ్చాక వదలవు.

ఘంటసాల గీతకు మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. పాలకొండ వైపు ఒక ఊళ్లో అమ్మవారి సంబరానికి మైకుసెట్టు కడుతున్న ముసలాయన్ని, తెల్లారగట్ల గీత పెట్టమని అడిగాను. ఆయన చేతిలో వైరు వదల్లేదు. “గీత ఎట్టినామంటే ఎవులో పోనారనుకోని ఊరంతా ఎల్లొచ్చెత్తారు బావూ. సంబరం రోజున మనకెందుకు?” అన్నాడు. ఆయన తప్పేం లేదు. శవం లేచే ఇంటి ముందు, వైకుంఠరథం మీద, శ్మశానం దారిలో అదే రికార్డు వేసి వేసి దాన్ని చావు కబురు చేసేశాం. చేయాల్సిన పని వదిలేసి చతికిలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. లేవలేని మనిషి తలాపున పెట్టి వినిపిస్తున్నాం.

కాబట్టి పాఠకులకు ఒక్క విన్నపం. ఎవరూ పోని మామూలు రోజున, ఇంట్లో పని చేసుకుంటూ ఆ గీతను మొదటి నుంచి చివరి దాకా వినండి. సంస్కృతం రాకపోయినా పర్వాలేదు, తాత్పర్యం దగ్గర మాత్రం చేతిలో పని ఆపండి. మర్నాడు ‘మాయాబజార్’ పాటలు పెట్టుకోండి. రెండూ ఘంటసాలే. మొదటిది విని మెచ్చుకుంటారు, రెండోది విని మురిసిపోతారు. ఆ రెండింటిలో ఏది గొప్పో మీరే తేల్చుకోండి. నా ఓటు మాత్రం గీతకే.