ఎవరి సున్నా?

ఆరాంఘర్ చౌరస్తా దాటి విమానాశ్రయానికి పోయే కార్లలో కూర్చున్న వాళ్లకి కాటేదాన్ కనిపించదు. రోడ్డుకి ఎడమవైపు లోపలికి తిరిగితే తప్ప ఆ ప్లాస్టిక్ కంపెనీలు, బిస్కెట్ కంపెనీలు, వాటి మధ్య ఇరుక్కున్న బస్తీలు, ఒక్కో ఇంట్లో నాలుగేసి గదులు, గదికో సంసారం, ఇవేవీ తెలియవు. ఆ బస్తీల పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నాకు కొంచెం తెలుసు. అదీ కొంచెమే.

2024 ఏప్రిల్‌లో ఒక పిల్ల లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో వరసగా తేదీలు, పక్కన అంకెలు రాసి ఉన్నాయి. ఏమిటివి అంటే, "మా సబ్ మీటరు రీడింగు టీచర్. మా అమ్మ రాయమంది" అంది. ఆ పేజీ కథ తెలుసుకుందామని వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేసరికి గదిలో కరెంటు లేదు. పక్క గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇల్లుగలామె ఫ్యూజు పీకేసి అప్పటికి రెండు రాత్రులైంది.

తగాదా చాలా చిన్నది. కిరాయికి ఉన్నామె పాలమూరు నుంచి వచ్చింది. పగలు తుక్కు ప్లాస్టిక్ ఏరే షెడ్డులో పని, రాత్రిళ్లు చీరలకి ఫాల్సు కుట్టడం. కుట్టుమిషనుకి ఈ మధ్యే మోటారు పెట్టించుకుంది. "మోటారు మిషనుకి నెలకి మూడొందలు ఎక్కువ కట్టు" అంది ఇల్లుగలామె. "సబ్ మీటరు తిరుగుతనే ఉంది కద పెద్దమ్మా, మిషను తిన్నది గూడ దాంట్లనే వస్తది. మళ్ల మూడొందలు దేనికి?" అని ఈమె. మాట మీద మాట పెరిగి, అసలు యూనిట్‌కి పది రూపాయలేంది, నీ బిల్లు చూపించు అనేదాకా వచ్చింది. అంతవరకూ 'బిడ్డా' అని పిలిచిన ఆమె ఆ రోజు నుంచి 'నువ్వు' అనడం మొదలుపెట్టింది. బిల్లు చూపించమనడం ఇంత పెద్ద అవమానం ఎందుకయిందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. పెద్దమ్మా, బిడ్డా అనుకునే చోట లెక్క అడగకూడదని మనకెవరు నేర్పారు? పుట్టింటి ఆస్తిలో వాటా అడిగిన ఆడపిల్లకీ ఇదే మాట ఎదురవుతుంది గదా.

నేను వెంటనే కిరాయి ఆమె పక్షం తీసుకున్నానని చెప్పక తప్పదు. చట్టం కూడా ఆమె వైపే ఉంది. సరైన కారణం లేకుండా ఇంటి యజమాని కిరాయిదారు సౌకర్యాలు ఆపకూడదని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చెప్తోంది. ఇంట్లో నివసిస్తున్న వాళ్లెవరైనా, యజమాని కాకపోయినా, కరెంటు కనెక్షన్ అడగవచ్చని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. యజమాని ఒప్పుకోలేదన్న సాకుతో కిరాయిదారుకి కరెంటు నిరాకరించడం కుదరదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఇవన్నీ తెలుసుకుని ఎంతో ఉత్సాహంగా వెళ్లి చెప్తే ఆమె నవ్వి, "చట్టం నాకు మీటరు ఇప్పిస్తది టీచరమ్మా. మర్నాడు ఈ రూము ఎవరిప్పిస్తరు?" అంది. ఆ ప్రశ్న దగ్గర నా చట్టం ఆగిపోయింది.

తర్వాత ఇల్లుగలామె దగ్గర కూర్చున్నాను. ఆమె భర్త ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేసి, చిన్న ముక్క కొని, గది తర్వాత గది కట్టి, చనిపోయాడు. పెద్ద కొడుకు పెళ్లి చేసుకుని వేరే పోయాడు. మూడు గదుల కిరాయే ఆమెకి తిండి, మందులు. మీటరు ఇంకా భర్త పేరు మీదే ఉంది. ఆమె ముందు బిల్లు తీయలేదు. తీశాక మాత్రం నా ఆవేశం మీద నీళ్లు చల్లే మాట అంది.

"నేనొక్కదాన్నే అయితే నాకు డెబ్బై యూనిట్లు దాటవు. సర్కారు జీరో బిల్లు ఇస్తుండె. నాకూ తెల్లకార్డు ఉంది. వీళ్లు కాల్చేదంతా నా మీటరు మీద ఎక్కి నా జీరో పాయె. ఎవరు మోసం జేసిండ్రు, నేనా, వాళ్లా?"

గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలయింది. రేషన్ కార్డు ఉండి నెలకి 200 యూనిట్ల లోపు వాడే కుటుంబానికి సున్నా బిల్లు. కిరాయిదారులకీ వర్తిస్తుందన్నారు. కానీ అది మీటరుకి వర్తిస్తుంది గాని, పొయ్యికి కాదు. ఒక మీటరు అంటే ఒక కుటుంబం అని లెక్క. ఈ ఇంట్లో ఒక మీటరు కింద నాలుగు పొయ్యిలున్నాయి.

లెక్క చేశాం, ఆ పిల్ల నోట్‌బుక్‌లోనే. ఇల్లుగలామెవి 70 యూనిట్లు, గదులవి 65, 60, 60, బోరు మోటారుది 45. మొత్తం 300. 2022లో నిర్ణయించిన టారిఫ్ ప్రకారం వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకి 5.10 చొప్పున, ఆపైన 7.70 చొప్పున. 1,790 రూపాయలు, పై చార్జీలు కలిపితే 1,900 దాటింది. కిరాయిదారుల నుంచి పది రూపాయల చొప్పున ఆమె వసూలు చేసేది 1,850. అంటే ఆమె ఫ్యానూ, మోటారూ దాదాపు వాళ్ల డబ్బుతోనే తిరుగుతున్నాయి. ఇది అన్యాయమే, సందేహం లేదు.

కానీ అదే పేజీలో ఇంకో లెక్క కూడా చేశాం. మోటారు పక్కన పెట్టి, నాలుగు కుటుంబాలకీ నాలుగు మీటర్లుంటే? వంద లోపు వాడేవాళ్లకి మొదటి 50 యూనిట్లు 1.95, మిగతావి 3.10. నలుగురివీ కలిపి 561 రూపాయలు. అవే 255 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే 1,443! నలుగురు పేదలు ఒక చూరు కింద చేరితే కరెంటు లెక్కలో ఒక కలిగినింటి వాడుతున్నట్టు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా పోట్లాడుకున్నది ఈ తేడా గురించి. దీన్ని ఆ ఇద్దరిలో ఎవరూ సృష్టించలేదు.

మరి ఆమెది తప్పు కాదా? అక్కడే నాకు చిక్కు. స్లాబు మారడం వల్ల వచ్చిన నష్టం అందరిదీ. దాన్ని అందరూ పంచుకోవాలి. ఆమె తన వంతు కూడా వాళ్ల మీదికి తోసింది. తోయగలిగింది, ఎందుకంటే ఫ్యూజు ఆమె చేతిలో ఉంది. అధికారం అంత చిన్నది కూడా ఉంటుంది, ఒక పింగాణీ ముక్కంత. ఆ ముక్క తప్ప జీవితంలో ఇంకే అధికారమూ దొరకని మనిషి దాన్ని వాడితే మనం ఎంత కోపం తెచ్చుకోవాలి? తెచ్చుకోవద్దని కాదు నేననేది. చీకట్లో రెండు రాత్రులు పిల్లకి విసనకర్రతో విసిరిన తల్లి ముందు నిలబడి, పాపం ఆవిడా బాధితురాలే అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా అమ్మ కూడా రెండు గదులు కిరాయికి ఇచ్చి నన్ను చదివించింది. మెట్ల కింద సబ్ మీటర్లు ఉండేవి. ప్రతి ఒకటో తారీఖు రీడింగు తీసి రాసేదాన్ని నేనే. యూనిట్‌కి ఎంత తీసుకునేదో నాకు తెలుసు. డిపార్ట్‌మెంటుకి ఎంత కట్టేదో ఎప్పుడూ అడగలేదు. నా బియ్యీడీ ఫీజులో ఆ తేడా ఎంత ఉందో!

మూడో రోజు ముగ్గురం కూర్చున్నాం. మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించాను. ఆరున్నర కన్నా తక్కువే వచ్చింది. మోటారు యూనిట్లు నలుగురికీ సమంగా పంచితే, 650 కట్టే ఆమె కట్టాల్సింది 490. ఇల్లుగలామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లయితే నా మందులు?" అంది. ఎవరినీ అడిగినట్టు కాదు.

కిరాయి ఆమే జవాబు చెప్పింది. "కిరాయి వంద పెంచు పెద్దమ్మా. కిరాయి అని అడుగు, ఇస్త. కరెంటు అని అడగకు."

"కిరాయి పెంచుత అంటె ఖాళీ చేసి పోతరు. కరెంటు అంటె ఎవరూ అడగకుంట కడ్తరు" అంది ఇల్లుగలామె. ఇంత నిజాయితీగా తన మోసాన్ని ఒప్పుకున్న మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

ఆ వంద రూపాయలు ఏ పేరుతో ఇస్తే ఏమిటి, జేబులోంచి పోయేది వందే కదా అని మా ఆయన అన్నాడు. కాదనుకుంటాను. కిరాయి అంటే బేరమాడవచ్చు, కాదనవచ్చు, ఇంకో గది వెతుక్కోవచ్చు. కరెంటు బిల్లు అంటే అది సర్కారు మాటలా వస్తుంది, తల వంచి కట్టడమే. పేరు మారిస్తే ఎదురు అడిగే వీలు పోతుంది. ఇంటి చాకిరీని ప్రేమ అని పిలిచినప్పుడు మనకి జరిగింది ఇదే.

వంద పెరిగింది. మూడొందల మాట పోయింది. బిల్లు ప్రతి నెలా మెట్ల దగ్గర మేకుకి గుచ్చాలని, ఫ్యూజు జోలికి ఎవరూ పోకూడదని అనుకున్నారు. అయినా ఎవరి సున్నా ఎవరికీ రాలేదు. వేరే మీటర్లు పెట్టించాలంటే వైరింగు, డిపాజిట్టు, అర్జీ, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పెట్టుకున్నా, తన ఇంటి మీటరుకి కిరాయిదారుల ఆధార్, రేషన్ కార్డు ముడిపడితే రేపు ఇల్లు వాళ్లదంటారేమోనని ఆమె భయం. అట్లా కాదమ్మా అని నేను చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. ఇల్లు తనదని కాయితం మీద ఎక్కడా లేని మనిషికి ఆ భయం ఉండదా మరి.

జూన్‌లో బడి తెరిచాక ఆమే నా కోసం గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత బిల్లులు, భర్త మరణ ధ్రువపత్రం.

"టీచరమ్మా, ఈ మీటరు నా పేరు మీద చేపియ్యాలంటే ఏం కాయితాలు కావాలె?"

ఉన్నవి చూసి, కొడుకు సంతకం కూడా అడగవచ్చు అన్నాను. ఆమె కవరు మడిచి కొంగులో పెట్టుకుంది.

"వాడు పెట్టడు" అంది.