పొద్దుటి తలనొప్పిని వయసు ఖాతాలో రాసెయ్యకు

అమ్మలూ,

పొద్దున్న లేవగానే తల దిమ్ముగా ఉంటోందని, ఒక్కోరోజు కణతలు పగిలిపోతున్నాయని, పళ్ళు తోముకుంటుంటేనే వికారం వస్తోందని మీ అమ్మతో అన్నావట. నెలసరి కూడా ఒకసారి ఇరవై రోజులకే వస్తోందని, ఇంకోసారి నలభై దాటినా జాడ ఉండటం లేదని చెప్పావట. మీ అమ్మ నాకు ఫోన్ చేసి, “నలభై నాలుగొచ్చాయి కదక్కా, ఈ వయసుకి మామూలే” అంది. మామూలే, నిజమే. అలాగని నోరు మూసుకుని ఓర్చుకోవలసిన పని లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. జంషెడ్‌పూర్ కదమాలో నువ్వొక్కదానివే ఆ క్వార్టర్లో తల పట్టుకుని కూర్చుంటున్నావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిక చేసుకుని చదువు.

నెలసరి ఒక్కరోజులో ఆగిపోదు. వరసగా పన్నెండు నెలలు రాకుండా ఉంటేనే ఆగిపోయినట్టు లెక్క. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్ళకి జరుగుతుంది. దానికి ముందు కొన్నేళ్ళపాటు ఒక సంధికాలం నడుస్తుంది. నువ్విప్పుడు అందులో ఉన్నావు. ఈ కాలంలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మెల్లమెల్లగా తగ్గుతూ పోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఒక నెల బాగా పెరుగుతుంది, మరో నెల ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ పడిపోవడమే పార్శ్వనొప్పిని, అంటే మైగ్రేన్‌ని, లేపుతుంది. 1972లో సోమర్‌విల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు, నెలసరి దగ్గరపడుతున్న కొందరు ఆడవాళ్ళకి ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశాడు. నెలసరి దాని వేళకి అది వచ్చింది. తలనొప్పి మాత్రం ఒంట్లో ఆ మందు తగ్గేదాకా ఆగి, అప్పుడు వచ్చింది. కాబట్టి ఇది నీ ఊహ కాదు, ఒళ్ళు వంగక చెప్పే సాకు అంతకన్నా కాదు. ఎవరైనా ఆ మాట అంటే నమ్మకు. ఇంటర్ చదివే రోజుల్లో నెలసరి ముందు నీకు ఒంటి కణత నొప్పి వచ్చేది, తలుపులు వేసుకుని చీకట్లో పడుకునేదానివి. అలాంటివాళ్ళకి ఈ వయసులో ఆ నొప్పి తిరగబెట్టడం ఎక్కువ. నెలసరి పూర్తిగా ఆగాక చాలామందికి తగ్గుతుంది కూడా.

అయితే తల్లీ, హార్మోన్లదే తప్పంతా అని సరిపెట్టుకుంటే పక్కనే ఉన్న వేరే కారణాలు కనపడవు. నాకు భయం అక్కడే. ముందుగా సిగ్గుపడకుండా ఒక మాట విను. నెల తప్పి, పొద్దున్నే వికారం అంటున్నావు. నలభై నాలుగైతేనేం, గర్భం రాదని రాసిపెట్టలేదు. మెడికల్ షాపులో దొరికే పరీక్ష చేసుకుని ఆ అనుమానం తీర్చుకో. మిగతావన్నీ ఆ తర్వాత.

మీ ఇంటి రాత్రుళ్ళు నాకు తెలుసు. మీ ఆయనకి ‘ఎ’ షిఫ్టయితే పొద్దున్న ఆరింటికల్లా లోపల ఉండాలి, నువ్వు నాలుగింటికి పొయ్యి వెలిగిస్తావు. బి షిఫ్టయితే పదిన్నరకి వచ్చిన మనిషికి అన్నం పెట్టి, గిన్నెలు సర్దేసరికి అర్ధరాత్రి అవుతుంది. సి షిఫ్టయితే రాత్రంతా ఒక చెవి తలుపు మీదే. మధ్యలో ఒంట్లోంచి ఆవిర్లు కమ్మి జాకెట్టు తడిసిపోతుంది. లేచి ఫ్యాను పెంచుతావు. పది నిమిషాలకి చలేసి దుప్పటి లాక్కుంటావు. అలా తెగిన నిద్రలోంచి లేచిన తలకి నొప్పి రాకపోతేనే వింత. మీ ఆయన పనిచేసే టాటా కంపెనీ 1912లోనే తన కార్మికులకి ఎనిమిది గంటల పని పెట్టింది, 1928లో ప్రసూతి సాయం మొదలుపెట్టింది. ఆ మేలు అందుకున్న ఇళ్ళల్లోనే ఆడమనిషి పనికి వేళాపాళా లేకుండా పోయింది. ఇది నాకు ఎప్పుడూ బాధే. బి షిఫ్టు వారంలో అన్నం, కూర మూతపెట్టి నువ్వు పడుకో. ఆయన వేడి చేసుకుని తింటాడు. పడుకునే వేళ, లేచే వేళ షిఫ్టుని బట్టి మారకుండా చూసుకుంటే పార్శ్వనొప్పి ఉన్నవాళ్ళకి సగం మేలు అదే చేస్తుంది.

పూజయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని అలవాటు మీ అత్తగారి నుంచి నీకు వచ్చింది. కార్తీకమాసంలో సోమవారాలు సరే సరి. ఖాళీ కడుపు, నీళ్ళు తాగకపోవడం, ఈ రెండూ ఈ నొప్పికి పెద్ద ఆసరా. లేవగానే ఒక గ్లాసు నీళ్ళు తాగు. కాసేపటికి ఏదో ఒకటి తిను. మన చోడి అంబలి ఉండనే ఉంది. లేదంటే అక్కడివాళ్ళు తాగినట్టు సత్తుపిండి నీళ్ళలో కలిపి, ఉప్పు, నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసుకుని తాగు. మే నెల ఎండల్లో ఆ ఊరికి దాన్ని మించింది లేదు. దేవుడికి నీ ఆకలి అక్కర్లేదమ్మా.

నెత్తురు సంగతి చూద్దాం. నెలసరి వారం దాటిపోతున్నా, గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా రక్తం తగ్గిపోతుంది. తలనొప్పి, నీరసం, మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం, అన్నీ దాని వెనకే వస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జార్ఖండ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 65 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే మీ వీధిలో బాగా ఉన్నామనుకునేవాళ్ళలో సగానికి పైగా బాగాలేరు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఐరన్ మాత్రలు అడుగు. అవి వేసుకున్న గంట, రెండు గంటల వరకూ టీ ముట్టకు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసమైతే పట్టేలా చేస్తుంది. అదే రక్తంతో థైరాయిడ్, షుగరు కూడా చూపించు.

మాత్రల మాట కూడా నీకు చెప్పాలి, ఎందుకంటే ఫ్రిజ్ పైన ఉండే ఆ స్టీలు డబ్బా నేను చూశాను. నొప్పి వచ్చిన రోజున ఒక మాత్ర వేసుకోవడం తప్పు కాదు. మొదట్లోనే వేసుకుంటే బాగా పనిచేస్తుంది కూడా. కానీ మామూలు పారాసిటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలయితే 10 రోజులు, అలా మూణ్ణెల్లు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి పుట్టిస్తాయి. రాత్రి మందు బలం తగ్గిపోయి, తెల్లారేసరికి తల మళ్ళీ పట్టేస్తుంది. దానికి ఇంకో మాత్ర వేస్తావు. నీది అంతవరకూ వచ్చిందేమోనని నా అనుమానం. అలాంటప్పుడు డాక్టరుకి చెప్పి మానెయ్యడమే మందు. మానేసిన మొదటి రోజుల్లో నొప్పి పెరుగుతుంది, బెదిరిపోకు.

నువ్వు గుర్రు పెడుతున్నావా అని మీ ఆయన్ని అడుగు. గుర్రు మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్ళీ అందుకుంటున్నావా అని కూడా అడుగు. ఈ వయసు దాటుతున్నప్పుడు ఆడవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు పెరుగుతుంది. దీని తలనొప్పి లేవగానే రెండు వైపులా బరువుగా ఉండి, కొన్ని గంటల్లో దానంతటదే పోతుంది. బీపీ కూడా చూపించుకో. 140/90 దాటితే దాని దారి వేరు.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించు. డిసెంబరు, జనవరుల్లో మీ ఊళ్ళో చలి ఎముకల్లోకి దిగుతుంది. బోర్సీ అనే మట్టి కుంపట్లో బొగ్గులు రాజేసి, మంచం పక్కన పెట్టుకుని, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పడుకునేవాళ్ళని నేను చూశాను. మండీ మండని ఆ బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తానికి అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకి పైగా గట్టిగా అంటుకుంటుంది. కొద్దిగా పీలిస్తే తెల్లారి తలనొప్పి, వికారం, కాళ్ళల్లో సత్తువ లేకపోవడం, అచ్చం నువ్వు చెబుతున్నట్టే ఉంటుంది. ఎక్కువైతే తెల్లారదు. మూసిన బాత్‌రూములో గ్యాసు గీజరు కూడా అంతే ప్రమాదం. చలికాలంలోనే నొప్పి వస్తోందా, ఇంట్లో పిల్లలకీ వస్తోందా, బయట గాలిలోకి వస్తే తగ్గుతోందా అని గమనించు. ఏ కాస్త అనుమానం వచ్చినా అందరూ ముందు బయటికొచ్చి ఆసుపత్రికి వెళ్ళండి. పడుకునే గదిలోకి నిప్పు రానివ్వకు. ఇంకో రెండు దుప్పట్లు కొనుక్కో.

సెలవులకి శ్రీకాకుళం వెళితే ఎవరో ఒకరు “గర్భసంచి తీయించేసుకో, పీడ వదులుతుంది” అంటారు. మన అక్కచెల్లెళ్ళే అంటారు, ప్రేమతోనే అంటారు. రక్తహీనత గురించి చెప్పానే, ఆ సర్వే లెక్కల్లోనే, 49 ఏళ్ళ లోపే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది ఉన్నారు. ఇందులో ఎంతమందికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైందో అని నాకు దిగులు. క్యాన్సరుకి, ఏ మందుకీ లొంగని రక్తస్రావానికి అది కావలసిందే. తలనొప్పికి అది వైద్యం కాదు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పడిపోతుంది, పార్శ్వనొప్పి ఇంకా ముదరవచ్చు, ఎముకలు గుల్లబారతాయి. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ సాధనం ఉంది. ఎవరైనా కత్తి మాట ఎత్తితే, ఇంకో డాక్టరు చెప్పేదాకా సంతకం పెట్టకు.

మీకు కంపెనీ కార్డుంది, టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. ఇంటికొచ్చే పనమ్మాయిదీ నీ వయసే అన్నావు. దాన్ని ప్రభుత్వాసుపత్రికి, ఎంజీఎంకో ఖాస్‌మహల్ సదర్ ఆసుపత్రికో, పంపు. వెళ్ళేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి. వంటింట్లో తెలుగు క్యాలెండరు వేలాడుతుంది కదా, సిలిండరు వచ్చిన తేదీ, పాలవాడు రాని రోజులు రాసుకునేది. అదే గళ్ళల్లో నెలసరి వచ్చిన రోజున ‘న’ అని, తలనొప్పి వచ్చిన రోజున ‘త’ అని, మాత్ర వేసుకుంటే ‘మ’ అని రాయి. చెమటలతో లేచిన రాత్రికి ఒక చుక్క పెట్టు. రెండు నెలలు రాస్తే చాలు. ‘త’లన్నీ ‘న’కి అటూ ఇటూ రెండు మూడు రోజుల్లో పడుతున్నాయంటే అది హార్మోన్ల పని. రోజూ పడుతున్నాయంటే మాత్రలో, నిద్రో, నెత్తురో వెతకాలి. ఆ కాగితం ఫోటో తీసి డాక్టరుకి చూపించు. అక్కడ నీకు దొరికేది అయిదు నిమిషాలు. అందులో ఏం చెప్పాలో తోచక తిరిగొచ్చే మన అలవాటు దీనితో పోతుంది.

నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపు గీతలు, వంకర టింకర వెలుగులు కనపడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పు. అలాంటివాళ్ళకి నెలసరిని సరిచెయ్యడానికి ఇచ్చే ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి, కాబట్టి డాక్టర్లు ఇవ్వరు. ఆవిర్లు మరీ బాధపెడుతుంటే హార్మోన్ వైద్యం గురించి అడుగు. చర్మానికి అంటించే పట్టీగానో, జెల్‌గానో వాడితే ఒంట్లో ఈస్ట్రోజన్ ఎగుడుదిగుళ్ళు తక్కువ ఉంటాయి. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళకి అది సాధారణంగా పనికిరాదు. వాళ్ళకి హార్మోన్లు కాని మందులున్నాయి. ఏదైనా సరే, పక్కింటావిడ వాడుతోందని తెచ్చుకోకు.

కొన్నిటికి క్యాలెండరు, లెక్కలు ఏవీ వద్దు, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో వచ్చిన భరించలేని తలనొప్పి, మాట తడబడటం, మూతి ఒంకర పోవడం, చెయ్యో కాలో పడిపోవడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చూపు మసకబారడం. దగ్గినప్పుడు, వంగినప్పుడు పెరిగే నొప్పి, రోజురోజుకీ ముదిరే నొప్పి ఉంటే ఆ వారంలోనే చూపించాలి. నెలసరి ఏడాది ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క కనపడినా వెంటనే చూపించుకో.

ఇంట్లో దాచకు. పిల్లాడికి పదహారేళ్ళు, అర్థమవుతుంది. “అమ్మకి ఇవాళ తల పోటుగా ఉంది, టీవీ సౌండు తగ్గించు” అని చెప్పడంలో సిగ్గేముంది? వచ్చే సోమవారం నుంచి మీ ఆయనకి బి షిఫ్టు అన్నావు, పొద్దున్న పూట ఇంట్లోనే ఉంటాడు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి బీపీ, రక్త పరీక్షలు చేయించుకో. రిపోర్టులు రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ