ఇసుకలో వేరు



ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానము (మత్తయి 7:24–27) మనమందరము ఎరిగినదే. అయితే ఇసుకలోనే బ్రదుకవలసిన వారి సంగతి యేమి? చందర్లపాడు ప్రాంతమున కృష్ణ ఒడ్డుకు పోయి చూడుడి. వానలు తగ్గిన పిమ్మట ఇసుక తిన్నెలమీద రెల్లు తెల్లగా పూసియుండును. వరద వచ్చి ఇసుక మేటవేసినను, భూమిలోపలి కాండమునుండి అది మరల మొలచును.

ఇట్టిదే మరియొక గడ్డి ఐరోపాలోని చలి సముద్రతీరములలో కలదు. దాని పేరు మారమ్. అచ్చట గాలి ఇసుకను దిబ్బలుగా పోయును. ఇసుక తన్ను కప్పినకొలది మారమ్ కాండమును పైకి పంపి, కణుపు కణుపున క్రొత్త వేళ్లు దిగవేయును. ఏడాదికి సుమారు 3 అడుగుల ఇసుక పడినను తట్టుకొనగలదు. వింత యేమనగా, ఇసుక పడుట మానినచోట అది క్రమముగా క్షీణించును. పాత ఇసుకలో నులిపురుగులును తెగుళ్లును చేరి వేళ్లను పాడుచేయుట అందుకొక కారణమని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్రొత్త ఇసుకలో వేరు వాటికి అందక కొంతకాలము ముందు నడచును.

“చూచితిరా, శ్రమయే మనలను పెంచును” అని ఇచ్చట ముగించుట సులభము. నేనును అట్లే ముగించెడివాడను. ఒకప్పుడు పత్తి పోయి అప్పులపాలైన కౌలురైతు ఒకనితో, “ఓర్చుకొనుము, ఇది నీ మేలుకే” అంటిని. అతడు తలవంచుకొని, “అయ్యగారూ, నాకు ఓర్పు ఉన్నదండీ. వడ్డీకే ఓర్పు లేదు” అనెను. నాకు మాట రాలేదు.

నాకు జవాబు ఆ గడ్డి చరిత్రలోనే దొరికినది. స్కాట్లాండులో కల్బిన్ అనుచోట 1694లో ఇసుక వచ్చి పొలములను కప్పివేసెను. జనులు మారమ్‌ను పెరికివేయుటయే అందుకు కారణమని తలచి, 1695లో అచ్చటి పార్లమెంటు దానిని పెరుకరాదని చట్టము చేసెను. ఇసుకకు ఓర్చిన వేరు మనుష్యుని చేతికి ఓర్వలేదు!

శ్రమలో ఎదుగుదల లేదని నేననను. పౌలు ఆ సంగతి వ్రాసెను (రోమా 5:3–4). అయితే అతడు స్వయముగా దెబ్బలు తిన్నవాడు. ఆ మాట శ్రమ క్రింద ఉన్నవాని నోట సాక్ష్యమగును. ఒడ్డున నిలిచి చూచువాని నోట అది యోబు స్నేహితుల మాటయే యగును. ఒడ్డున ఉన్నవానికి వేరొక పని కలదు: పైన మరికొంత ఇసుక పోయకుండుట, వేరు పెరుకకుండుట. పంట పోయిన యేట కౌలుకై నిలదీయకుము. వడ్డీపై వడ్డీ కట్టకుము. చేతనైనచో భారములో పాలు పంచుకొనుము (గలతీ 6:2).

ఇంటికప్పునకు రెల్లు కోయువాడు దుబ్బును విడిచిపెట్టును. పొరుగువానియెడల అంతమాత్రపు తెలివియైనను మనకు ఉండవద్దా?