పెకలించే చేతికి అహింస ఉంటుందా?

సూరి నాగమ్మగారు తెలుగులో రాసిన 'శ్రీ రమణాశ్రమ లేఖలు'లో లక్షపత్రి పూజ సంగతి ఒకటి వస్తుంది. రమణ మహర్షికి ఏళ్ల తరబడి భిక్ష తెచ్చిపెట్టిన ఎచ్చమ్మ లక్ష ఆకులతో పూజ చేస్తానని మొక్కుకుంది. సగం అయ్యేసరికి ఎండలు ముదిరాయి, అరుణాచలం చుట్టూ తిరిగినా ఆకు దొరకలేదు. ఏం చేయమంటారని అడిగితే, ఆకులు లేకపోతే ఒళ్లు గిల్లుకుంటూ పూజ చేసుకోమన్నారు మహర్షి. నొప్పి పుట్టదా అని ఆవిడ అంటే, తుంచితే చెట్టుకు మాత్రం పుట్టదా అని ఎదురడిగారు. దేవుడికిచ్చే ఆకు విషయంలోనే మాట అంత కచ్చితంగా ఉంటే, సెలవు రోజున గునపం పట్టుకుని అడవికి వెళ్లి పచ్చగా బతుకుతున్న పొదను వేళ్లతో సహా పెకలించడాన్ని ఏమనాలి? దేశవాళీ మొక్కలను కాపాడే స్వచ్ఛంద బృందాల పనిలో నాటడం సగమే. మిగతా సగం పెకలించడం. ఆ సగాన్ని కూడా సేవ అనవచ్చునా అన్నది చాలామందిని నిజంగానే బాధపెట్టే ప్రశ్న. దాన్ని తేలిగ్గా తోసేయకూడదు.

ముందు ఆ పొద ఏం చేస్తుందో చూడాలి. దాని పేరు లాంటానా, అమెరికా ఖండాల మొక్క. పూల అందం కోసం 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చారు. ఇవాళ మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో చాలా భాగాన్ని అదే అల్లుకుంది. నల్లటి పండ్లను పిట్టలు తిని ఎక్కడ వాలితే అక్కడ విత్తనం రాలుతుంది. ఆకుల్లో, వేళ్లలో ఉన్న రసాయనాలు పక్కన వేరే మొలకను ఎదగనివ్వవు. పశువులు మేస్తే కాలేయం దెబ్బతింటుంది. దాని పూల మీద సీతాకోకచిలుకలు గుంపులుగా వాలతాయి కదా, అది మేలు కాదా అని అడుగుతారు. వాలేది తేనె కోసం. గుడ్డు పెట్టాలంటే ఆ సీతాకోకచిలుకకు వేరే ఆకు కావాలి. శివుడికి పెట్టే మారేడాకును తిని ఒక జాతి గొంగళిపురుగు పెరుగుతుంది. మరొకటి ఈశ్వరి తీగ కుటుంబం మొక్కల మీద తప్ప బతకలేదు. లాంటానా కింద మారేడు మొలక లేవకపోతే, పైన పూల మీద ఎన్ని రెక్కలు ఆడినా వాటి తర్వాతి తరానికి తిండి లేదు.

అయినా సరే, పెకలించడం హింసే. "కలుపును పీకడం హింస ఎలా అవుతుంది" అనేవాళ్లతో నేను ఏకీభవించను. మొక్క ఒకే ఇంద్రియం ఉన్న జీవి అంటుంది జైనం. అందుకే ఆ మతంలో సాధువులు పచ్చిగడ్డి మీద కాలు పెట్టడానికి కూడా సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని నేను గౌరవిస్తాను. కానీ చెయ్యి కదపకుండా ఉంటే పాపం అంటదనుకోవడం మాత్రం పొరపాటు. లాంటానా తనంతట తాను సముద్రం దాటి రాలేదు. కడప ప్రాంతంలోని కమలాపురంలో 1877లో నాటిన సర్కారు తుమ్మా అంతే, వంటచెరుకు కోసం ప్రభుత్వం తెప్పించింది. మనుషులు మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేసి, ప్రకృతే చూసుకుంటుంది అనడం వైరాగ్యం కాదు. అది చేసిన పనికి బాధ్యత తప్పించుకోవడం. పొద కింద వెలుతురు అందక చచ్చిపోయే మొలకల చావు కంటికి కనబడదు, చప్పుడు చేయదు. చేతికి మట్టి అంటనంత మాత్రాన అది మన లెక్కలోంచి పోదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. స్థానికం, పరాయి అని మొక్కలను విడదీసే మాట మనుషుల మధ్య ఎంత విషం నింపిందో తెలిసినవాళ్లు ఈ పని చూసి భయపడతారు. భయపడవలసిందే. అయితే మన వంటింట్లోకే తొంగి చూడండి. మిరప అమెరికా నుంచి పోర్చుగీసువాళ్లతో వచ్చింది. చింత పుట్టిల్లు ఆఫ్రికా. రెండింటినీ ఎవరూ అడవిలోంచి తరమడం లేదు, ఎందుకంటే అవి పక్కవాటి తిండి, వెలుతురు లాక్కోలేదు. ఎప్పుడు వచ్చిందన్నది కొలత కాదు, వచ్చాక చుట్టూ ఉన్నవాటితో ఎలా బతుకుతోందన్నదే కొలత. అరుణాచలం మీదే దీనికి నిదర్శనం దొరుకుతుంది. మహర్షి 1896 నుంచి 1950లో దేహం విడిచేదాకా వదలని ఆ కొండ కాలక్రమంలో నరుకుడుకూ, ఏటా అంటుకునే నిప్పుకూ దాదాపు బోడిగా మారింది. మళ్లీ పచ్చబరచడానికి పూనుకున్నవాళ్లు వానాకాలంలో మొక్కలు నాటుతారు, ఎండాకాలం రాకముందే గడ్డి కోసి నిప్పు దాటకుండా బాటలు తీస్తారు. ఆ గడ్డి ఇక్కడిదే. దాన్ని కోసేది ద్వేషంతో కాదు, ఎదుగుతున్న చిన్న చెట్లు కాలిపోకూడదని. మన ఊళ్ల నుంచి వేలమంది గిరిప్రదక్షిణకు వెళ్లే కొండ అది. ఆ కొండే శివుడని నమ్మినవాడికి ఆ గడ్డికోత అభిషేకానికి తక్కువని నేను అనుకోను.

అయితే పెకలించే హక్కు ఎవరికైనా ఉందా? ఉంది, తర్వాత కూడా అక్కడే ఉండేవాడికి. లాంటానాను పైపైన నరికితే నాలుగు వానలకు మునుపటికంటే గుబురుగా లేస్తుంది. కాండం, వేరు కలిసే చోట మొగ్గలు దాగి ఉంటాయి. ఆ కణుపుకు కొద్దిగా కిందికి, మట్టిలో, తల్లివేరును తెగగొట్టి, పొదను వేళ్లు ఆకాశంవైపు ఉండేలా తలకిందులుగా పెట్టాలి. లేదంటే నేల తగిలిన కొమ్మ మళ్లీ వేరు దిగుతుంది. తర్వాతి వానలకు పిట్టలు వాలే చెట్ల కిందికి మళ్లీ వెళ్లి, వేలెడు మొలకలను ఒక్కొక్కటిగా చేత్తో తీయాలి. ఖాళీ అయిన నేలలో రేల, బిళ్లుడు, పాల, బలుసు లేస్తున్నాయో లేదో చూసి, లేవకపోతే ఆ చుట్టుపక్కల విత్తనమే ఏరి తెచ్చి పెంచాలి. ఇది ఏళ్ల పని. ఒక్క ఆదివారం వచ్చి, పొద పీకి, ఫొటో దిగి వెళ్లిపోయినవాడు చేసింది హింస మాత్రమే. దాని ఫలం ఏ జీవికీ అందలేదు. తిరిగి వచ్చినవాడి పనిలోనే ఆ మొదటి దెబ్బకు సమాధానం ఉంది. ఫలం మీద ఆశ లేని కర్మ అంటే ఫలం ఏమైనా పట్టించుకోకపోవడం అని కొందరు అర్థం చేసుకుంటారు. ఇక్కడ అది పనికిరాదు. మారేడు కాయ కాసేనాటికి తాను ఉండకపోవచ్చని తెలిసీ, మొలక బతికిందా లేదా అని ఏటా వెళ్లి చూసేవాడిదే ఆ కర్మ.

మనుషుల మాట మిగిలింది. సర్కారు తుమ్మ బొగ్గు కాల్చి అమ్ముకుని బతికే కుటుంబాలు రాయలసీమలో, ప్రకాశం జిల్లాలో ఉన్నాయి. వాళ్ల పొయ్యి ఆర్పి చేసే పుణ్యం పుణ్యం కాదు. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల సోలిగ గిరిజనులు లాంటానా కర్రతో కుర్చీలు, బల్లలు అల్లి అమ్ముతున్నారు. నీలగిరుల్లో అదే కర్రతో నిలువెత్తు ఏనుగు బొమ్మలు కడుతున్నారు. పొద తీసినవాడికే కూలీ, సరుకూ దక్కే దారి అది. అలాంటి దారి ఏర్పడనిచోట బృందాలు ఊరివాళ్లు కట్టెకు వెళ్లే చెరువు గట్లను వదిలి, ఎవరి జీవనమూ ఆధారపడని కొండ లోపలి వాగుల దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ నీడ ఇంకా కాస్త మిగిలి ఉంటుంది, పాత చెట్ల విత్తనం ఇంకా నేలలో ఉంటుంది, చేసిన పని తొందరగా నిలదొక్కుకుంటుంది.